చెకరమ్మ ఇంటిమాట

నీడ ఇంకా నవ్వుతూనే ఉంది.

పొయ్యిగట్టు కింద, గచ్చు మీద వెల్లకిలా పడి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, చప్పుడన్నది లేకుండా విరగబడి నవ్వుతోంది. నిన్న మధ్యాహ్నం బడిలో మొదలుపెట్టిన నవ్వు అది. బస్సులో నవ్వింది, మెట్ల మీద నవ్వింది, పిల్ల నిద్రపోయినా తను మాత్రం మంచం కింద నవ్వుతూనే ఉంది. తెల్లవారి పాలు పొంగిపోయినా ఇంట్లో ఎవరూ గమనించలేదు. అందరికీ దీన్ని చూడడంతోనే సరిపోయింది.

"నవ్వనీ," అన్నాడు పిల్ల తండ్రి, సిటీ బస్సు డ్రైవరు, టీ గ్లాసు టేబుల్ మీద కాస్త గట్టిగానే పెడుతూ. "నవ్వడం తప్ప ఏం రాదని కన్నతల్లే చెప్పిందాయె. అదేం చేస్తుంది పాపం, చెప్పిన మాట వింటోంది."

భార్య రొట్టె ముక్కలు కోస్తూ, కోసిన ముక్కనే మళ్లీ కోస్తోంది. ఆమె పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో చెకింగ్ చేస్తుంది. అక్కడ అందరూ చెకరమ్మ అంటారు. ఇంట్లో మొగుడు కూడా కోపం వచ్చినప్పుడు ఆ పేరుతోనే పిలుస్తాడు. నిన్నటి నుంచి ఇంట్లో వేరే పేరు వినబడలేదు.

నిన్నటి సంగతి తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. పోరుబడిలో ఆఖరి ఏడాది పిల్లలకి పెద్దచాప మీద పరీక్ష. అన్నేళ్లు తన్నులు తిని, తన్నడం నేర్చుకున్న పిల్లకి ఆ రోజు కాళ్ల కింది నీడ లేచి నిలబడాలి. నిలబడి, పక్కన నిలిచి పోరాడాలి. దాన్ని లేపేది గురువులు కారు. ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి, చాప అంచున నిలబడి, ఈ పిల్ల ఎలాంటిదో ఒక్క మాట చెప్పాలి. దాన్ని ఇంటిమాట అంటారు. ఏ మాట చెవిన పడితే నీడ ఆ మాట ప్రకారం నడుచుకుంటుంది.

ఆమె షిఫ్టు నుంచి ఏప్రన్ కూడా విప్పకుండా తిన్నగా బడికి వెళ్లింది. గురువుగారు చేతులు కట్టుకుని, చెప్పండమ్మా మీ అమ్మాయి గురించి, అన్నారు. హాలు నిండా జనం. అంతమంది ముందు సొంత బిడ్డని సొంత నోటితో ఎవరైనా పొగుడుకుంటారా? ఆమె పెరిగిన ఇంట్లో పొగుడుకోరు. మీ పిల్ల బంగారమండీ అని పైవాళ్లంటే, ఏం బంగారంలెండి, ఇంట్లో చూడాలి దీని భాగోతం అనడమే మర్యాద. ఆ మర్యాద కాస్తా అలవాటుగా నోట్లోంచి జారిపోయింది.

"ఏముందండీ చెప్పడానికి. నవ్వడం తప్ప దానికేం రాదు."

అప్పటికి సగం లేచి మోకాళ్ల మీద ఉన్న నీడ ఆ మాట విన్నది. విని, అక్కడికక్కడే కూలబడి పొట్ట పట్టుకుంది. హాలంతా గొల్లుమంది. ఎదుటి పిల్ల నీడ నిదానంగా నడిచొచ్చి ఒక్క తోపు తోసేసరికి పోరు ముగిసింది.

ఇక మిగిలింది ఇవాళ మధ్యాహ్నం. ఇంకొక్క అవకాశం ఇస్తారు. అదే మనిషి రావాలి, అదే నోరు చెప్పాలి, పైగా చెప్పేది మనసులో ఉన్న మాటై ఉండాలి. ఈసారి కూడా నీడ లేవలేదంటే పిల్ల నడికట్టు విప్పి గురువుగారి చేతికిచ్చి ఇంటికి వచ్చెయ్యాలి. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్లకి ఆ చాపే లోకం.

డ్రైవరు బాధ మాత్రం వేరే ఉంది. కూతురు ఇంటిమాటకి తనని అడగలేదు. అతని బస్సెక్కే ప్రతి మనిషికీ ఆ పిల్ల ఏ వారం ఎవర్ని పడగొట్టిందో కంఠతా వచ్చు. టిక్కెట్టు లేకపోయినా ఊరుకుంటాడు గానీ కూతురి సంగతి వినకుండా దిగనివ్వడని రూటంతా చెప్పుకుంటారు. అలాంటి తండ్రిని పక్కన పెట్టి, నోరు విప్పితే తప్పు తప్ప ఇంకోటి చెప్పని మనిషిని చాప దగ్గరికి పిలుచుకుంది.

"నన్ను పిలిచి ఉంటే నీడ లేవడం కాదు, పైకప్పు బద్దలు కొట్టుకుని ఆకాశానికి వెళ్లేది."

"పిలవలేదుగా," అంది అమ్మమ్మ, బఠాణీ కాయలు ఒలుస్తూ. ఆమె చెకరమ్మకి కన్నతల్లి. రెండు చెవులూ సరిగ్గా వినబడవు. కానీ అల్లుడిని దెప్పే సందు దొరికితే మాత్రం గోడ అవతలి మాట కూడా వినబడుతుంది. తను గుసగుసలాడుతున్నాననుకుంటూ అరుస్తుంది.

డ్రైవరు అత్తగారి మాట పట్టించుకోలేదు. రాత్రంతా కూర్చుని ఒక మాట తయారుచేశానని, దాన్నే చెప్పాలని భార్యకి ఆజ్ఞ జారీచేశాడు. ఇక్కడే, ఇప్పుడే, నీడ ముందు నిలబడి ఒకసారి చెప్పి చూపించమన్నాడు. ఆమె కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. నేల మీద నవ్వుతున్న నల్లటి ఆకారాన్ని చూస్తూ, బడిలో పద్యం అప్పగిస్తున్నట్టు మొదలుపెట్టింది.

"నా కూతురు సింహం. అడుగేస్తే అడవి అదురుతుంది."

నీడ నవ్వు ఆపింది. డ్రైవరు ముందుకి వంగాడు. అది మోచేతి మీద లేచి, ఆమెని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. పోదూ అన్నట్టు చెయ్యి విదిలించి, మళ్లీ వెనక్కి పడి ఈసారి కాళ్లు కూడా కొట్టుకుంటూ నవ్వింది.

"ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది," అన్నాడు డ్రైవరు నీరసంగా.

"ఇది సింహం ఏంటండీ. మొన్న బల్లిని చూసి కుర్చీ ఎక్కింది."

"అదిగో. అదే నీతో వచ్చిన చిక్కు. బల్లి ఒక్కటే కనబడుతుంది నీకు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ఒక్కసారి, మాటవరసకైనా ఒక్కసారి, బాగుందన్నావా దాన్ని?"

ఆమె మొగుడి వైపు చూడలేదు. తల తిప్పి తల్లి వైపు చూసింది. అమ్మమ్మ చేతిలో బఠాణీ కాయ ఆగిపోయింది. ఈ మాట మాత్రం చక్కగా వినబడినట్టుంది.

ఆ తల్లీకూతుళ్ల మధ్య ఎప్పుడూ బయటికి రాని సంగతి ఒకటుంది. మనవరాలికి కిందటి వారమే తెలిసింది, అల్లుడికి ఇప్పటికీ తెలియదు. చెకరమ్మ కూడా చిన్నప్పుడు ఆ చాప మీద నిలబడింది. ఆ రోజుల్లో చేర్చుకునేటప్పుడే ఇంటిమాట అడిగేవారు. అప్పుడు ఈ అమ్మమ్మే చాప అంచున నిలబడి, ఇంటి పనికైతే సరిపోతుందండీ, అంది. అమ్మమ్మ పెరిగిన ఇంట్లో కూడా అదే మర్యాద. పిల్ల నీడ నేలకంటుకుని కదల్లేదు. అప్పటి పెద్దగురువు జాలిపడి, నీడకి వయసుతో పని లేదమ్మాయ్, ఎప్పుడు లేస్తే అప్పుడు రా, చేర్చుకుంటాం, అన్నాడు. తర్వాత ఫ్యాక్టరీ వచ్చింది, పెళ్లి వచ్చింది, నీడ సంగతి మరుగున పడింది.

అమ్మమ్మ కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. చెకరమ్మ మళ్లీ రొట్టె అందుకుంది. 

అప్పుడు ఊడిపడింది గిలక్కాయ, మేడ మీంచి మెట్లన్నీ చేతుల మీద దిగి, అలాగే తలకిందులుగా వంటింట్లోకి. అది ఆ పిల్లకి బడిలో పెట్టిన పేరు. పడినా మోత, లేచినా మోత, దెబ్బ తిన్నా పకపకా నవ్వడమే కాబట్టి అంతకంటే సరిపోయే పేరు దొరకదు. నవ్వితే చిగుళ్లు కనబడతాయి. ముందు పళ్లలో ఒకటి కాస్త విరిగింది. అది విరిగిన రోజు కూడా నవ్విందట.

"ఇదింకా ఆపలేదా? నాకంటే దీనికే ఓపిక ఎక్కువలా ఉంది," అంటూ కాళ్ల మీదికి తిరిగి, నీడ మీంచి ఒక్క దూకు దూకి, తండ్రి పళ్లెంలోంచి ఉడికిన గుడ్డు తీసుకుని నోట్లో వేసుకుంది. మరీ అంత నిబ్బరం పనికిరాదని, మధ్యాహ్నం ఏం జరగబోతోందో గుర్తుందా అని తండ్రి మందలించబోయాడు. గుడ్డు నములుతూనే, గుర్తుంది నాన్నా, అందుకే నీ గుడ్డు కూడా తింటున్నాను, అంది. డ్రైవరు కోపంగా ఉండాలనుకుని, ఉండలేక, రెండో గుడ్డు కూడా అటు జరిపాడు.

తర్వాత పిల్ల అడగకుండానే తల్లి ముందుకి వచ్చి రెండు చేతులూ చాపింది. సాధన అయ్యాక ప్రతిసారీ జరిగేదే ఇది. తల్లి మోచేతులు మడిచి చూసింది, మణికట్లు తిప్పి చూసింది. పక్కటెముకల మీద వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గరగా పెట్టి కళ్లు మూసుకుంది. ఫ్యాక్టరీలో కప్పుని తట్టి వినేదీ ఇలాగే. చూడడం పూర్తయ్యాక రోజూ అనే మాటే అంది.

"ఏం లేదు. పో."

పిల్ల మొహం చింకిచేటంత అయింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటింది. నేల మీద నవ్వుకుంటూ నీడ వెనకే జారుకుంటూ పోయింది.

చెకరమ్మ ఉండబట్టలేక వెనకే వెళ్లి, మెట్ల మలుపులో పట్టుకుంది.

"నాన్నని అడగాల్సింది నువ్వు."

"నాన్న ఎదురింటి పిల్లిని కూడా పులి అంటాడమ్మా."

"అనేవాళ్లే కావాలిగా అక్కడ. నాకు పొగడ్డం రాదని నీకు తెలియదూ?"

"తెలుసు." పిల్ల నవ్వింది, కానీ ఈసారి మోత లేకుండా. "నువ్వేం అనలేదంటే బాగున్నట్టు. అది నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నువ్వు ఏం లేదు పో అన్న రోజు నాకు కప్పు గెలిచినట్టే ఉంటుంది. నాకు వినబడుతుందమ్మా నువ్వు అనంది కూడా." అని కింద మెట్టు మీద దొర్లుతున్న నీడని బొటనవేలితో మెల్లిగా పొడిచింది. "దీనికే, పాపం, నిన్ననే వచ్చాయి చెవులు. ఉన్నదున్నట్టు అనుకుంది. దీనికి వినబడేలా ఒక్కసారి చెప్పు. చాలు."

"చెప్పలేకపోతే?"

"చెప్పలేకపోతే కట్టు విప్పి ఇచ్చేసి ఇంటికొస్తాను. రోజంతా కూర్చుని మీ అందరి బుర్రలూ తింటాను."

నవ్వుతూనే అంది. కానీ నడికట్టు ముడి మీద వేసిన చెయ్యి మాత్రం తియ్యలేదు. తప్పులు వెతికే కళ్లు కాబట్టి తల్లికి ఆ చెయ్యి కనబడింది.

---

ఫ్యాక్టరీలో ఆమె నోటి నుంచి రోజంతా వచ్చేది ఒకే మాట. పగులు.

బట్టీలోంచి దిగి చల్లారిన కప్పులు బెల్టు మీద వరసగా వస్తుంటాయి. ఒక్కొక్కదాన్ని ఎత్తి, అంచు కింద వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఖంగుమంటే పక్కకి జరుపుతుంది. కంటికి నిగనిగలాడుతున్నా లోపల వెంట్రుకంత గీత ఉంటే చప్పుడు బొంగురుపోతుంది. అప్పుడు పగులు అని కేకేసి కింది డబ్బాలో పడేస్తుంది. మంచి కప్పుకి మాట లేదు. అదలా చేతిలోంచి చేతిలోకి వెళ్లిపోతుంది.

ఇవాళ మాత్రం తట్టిన కప్పునే మళ్లీ మళ్లీ తడుతోంది. పక్క బల్ల మీద కప్పుల్ని కాగితంలో చుట్టే ప్యాకింగక్క కనిపెట్టి ఏమైందని అడిగింది. చెకరమ్మ సంగతి చెప్పింది, సింహంతో సహా. ప్యాకింగక్క సింహం దగ్గర కాసేపు నవ్వింది. తర్వాత, పొగడ్డం ఏమంత బ్రహ్మవిద్య, నాలుగు మంచి మాటలు పోగేస్తే సరి, అంది. ఏవీ ఆ నాలుగు మాటలు, నువ్వు చెప్పు, అంటే తనకీ చప్పున తోచలేదు. నలిగిన కాగితం సాపు చేసుకుంటూ కాసేపు ఆలోచించింది.

"నాకైతే తెలీదు గానీ, నీ చెయ్యి దాటొచ్చిన కప్పుని నేను ఏనాడూ తిప్పి చూడలేదు. నువ్వేం అనలేదంటే ఇక చూసేదేముంది. గుడ్డిగా చుట్టేస్తాను."

పొద్దున మెట్ల మీద పిల్ల అన్న మాటా ఇదే. చెకరమ్మ ఒక కప్పు ఎత్తి తట్టింది. అది శుభ్రంగా ఖంగుమంది. బెల్టు మోతలో ఎవరికీ వినబడదులే అనుకుని, పెదాలు మాత్రం కదుపుతూ, బాగుంది, అని దానితో చెప్పి చూసింది. అన్న మరుక్షణం దొంగతనం చేసినట్టు చుట్టూ చూసుకుంది. ఒక కప్పుతో చెప్పడానికే ఇంత సిగ్గయితే హాలు నిండా జనం ముందు కూతురితో ఎలా చెప్పడం?

మధ్యాహ్నం సెలవడిగితే సూపర్‌వైజరు నమ్మలేనట్టు చూశాడు. ఆమె చేరాక సెలవు అడగడం అదే మొదలు. ఎందుకని అడిగాడు. మా అమ్మాయి పోరు ఉందండీ, అని చెప్పి, ఆగి, బాగా పోరాడుతుంది, అని చేర్చింది. చేర్చాక తనే ఉలిక్కిపడింది. సూపర్‌వైజరుకి అందులో ఉలిక్కిపడేదేమీ కనబడలేదు. వెళ్లిరమ్మన్నాడు.

---

హాలు నిన్నటికంటే కిక్కిరిసి ఉంది. నవ్వే నీడని చూడడానికే సగం మంది వచ్చినట్టున్నారు. ముందు వరసలో డ్రైవరు యూనిఫాంతోనే కూర్చుని, పక్కవాళ్లకి కూతురి చరిత్ర మొదటి నుంచీ చెబుతున్నాడు. అతని పక్కన అమ్మమ్మ, కళ్లజోడు తుడుచుకుంటూ.

చాపకి అటువైపు నిన్నటి పిల్లే నిలబడి ఉంది. నెమ్మదైన పిల్ల, ఎప్పుడూ పల్లెత్తు మాట అనదు. మా ఇంటికి స్తంభం అని వాళ్ల తాత నిన్న ఇంటిమాట చెప్పాడు. ఆమె నీడ నిజంగానే స్తంభంలా నిటారుగా నిలబడి ఉంది. ఇటువైపు గిలక్కాయ, కాళ్ల మీద ఎగురుతూ, భుజాలు తిప్పుకుంటూ, ఎదుటి పిల్లకి చెయ్యి ఊపి పలకరిస్తోంది. ఆమె కాళ్ల దగ్గర నీడ నేల మీద దొర్లుతూనే ఉంది.

గురువుగారు పిలిచారు. చెకరమ్మ చాప అంచుకి వచ్చింది. ఇవాళ కూడా ఏప్రన్ విప్పడం మర్చిపోయింది.

"చెప్పండమ్మా."

"నా కూతురు," అంది. సింహం గొంతుదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ముందు వరసలో డ్రైవరు పెదాలు కదుపుతూ అడవిని గుర్తుచేస్తున్నాడు. ఆమె అటు చూడలేదు. హాల్లో ఎవరో అప్పుడే నవ్వడానికి సిద్ధపడుతున్నారు. గురువుగారు తొందరపెట్టలేదు.

ఏం చెప్పాలో తోచనప్పుడు మనిషి చేతికొచ్చిన పనే చేస్తుంది. "ఒకసారి దీన్ని ఇటు పిలవొచ్చాండీ?" అని అడిగింది.

గురువుగారు తలూపారు. పిల్ల వచ్చి, అలవాటు ప్రకారం, రెండు చేతులూ చాపింది.

తల్లి మోచేతులు మడిచింది. మణికట్లు తిప్పింది. వేలి కణుపుతో పక్కటెముకల మీద తట్టి, చెవి దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుంది. భుజం తట్టింది. వీపు తట్టింది. ఏం జరుగుతోందో తెలియక హాలు సద్దుమణిగింది. నవ్వబోయినవాళ్లు కూడా ఏదో వినబడుతుందేమోనని చెవులు రిక్కించారు.

ఆమె కళ్లు తెరిచింది. గురువుగారి వైపు తిరగలేదు. కింద నేల మీదున్న నీడతో చెప్పింది.

"నేను పగుళ్లు వెతికే మనిషిని. నా ఉద్యోగమే అది. ఈ పిల్ల పడని రోజు లేదు. పడిన ప్రతి రోజూ వెతికాను. ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా అని వెతికాను."

నీడ నవ్వు నెమ్మదించింది.

"దీని నవ్వుని కూడా వదల్లేదు. పైన పూత వేసి లోపల ఏదో దాస్తోందేమో అనుకున్నాను. తట్టి చూశాను. పూత కాదు. లోపలిదాకా అదే మట్టి." ఆమె ఇంకోసారి పిల్ల భుజం తట్టింది.  "నా చేతిలోంచి ఎన్ని కప్పులు పోయాయో లెక్క లేదు. ఇంత మంచిది ఒక్కటి కూడా రాలేదు. ఈ పిల్లలో నాకు పగులు దొరకలేదు."

నీడ లేచి కూర్చుంది. పొట్ట మీంచి చేతులు తీసింది. ఒక కాలు మడిచి, అరచేయి నేలకి ఆనించి, ఆ కాలి మీద బరువు వేసి లేచి నిలబడింది. పిల్ల కంటే తలెత్తు పొడుగుంది. మొహం మీద నవ్వు పోలేదు, కానీ ఇప్పుడది పోరుకి సిద్ధమైన మనిషి నవ్వు. ఎదుటి స్తంభం నీడ మొట్టమొదటిసారి ఒక అడుగు వెనక్కి వేసింది.

గిలక్కాయ తల్లిని చూసింది. చూసి, హాలంతా ఖంగుమనేలా నవ్వింది. చెకరమ్మకి గర్వంతో కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ ఈ గర్వాన్ని తప్పు చేసినట్టు ఎక్కడో అడుగున దాచుకుంది. ఇప్పుడు దాన్ని దాచే చోటు లేదు, దాచాలనీ లేదు. ముందు వరసలో డ్రైవరు ముక్కు చీదుకుంటూ, నా భార్యండీ, నా భార్యండీ, అని ముక్కూమొహం తెలియనివాళ్ల మోకాళ్లు కుదుపుతున్నాడు.

అప్పుడే అమ్మమ్మ అల్లుడి చెవి దగ్గరికి వంగింది. అతనొక్కడికే చెబుతున్నాననుకుంది. గోడలకి కూడా వినబడింది.

"చూశావా అల్లుడూ. అదీ నా కూతురంటే. దానికి సాటొచ్చే మనిషి ఈ హాల్లో లేదు."

చెకరమ్మ తిరిగి చూసింది. తల్లి నోట ఆ మాట ఆమె పుట్టాక వినలేదు. అమ్మమ్మ మాత్రం ఏమీ అననట్టు, కళ్లజోడు మళ్లీ తుడుచుకుంటోంది.

కాళ్ల కింద ఏదో తేలికైనట్టు అనిపించింది చెకరమ్మకి. ఇరుకు చెప్పులు విడిచినట్టు. ముందు పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత హాల్లో కుర్చీలు కదిలాయి. అందరూ తన వెనక్కి ఎందుకు చూస్తున్నారో ఆమెకి అర్థం కాలేదు. తిరిగింది. తన ఎత్తే ఉన్న నీడ, కాస్త బొద్దుగా, నడుముకి ఏప్రన్ తాళ్లు వేలాడుతూ, చాప అంచున నిలబడి ఉంది. ఇన్నేళ్లు పడుకున్న మనిషిలా భుజాలు విరుచుకుంటోంది.

ఎదుటి పిల్లకి నేర్పే గురువు వెంటనే అడ్డం తగిలాడు. ఒక పిల్ల తరఫున రెండు నీడలా, ఇదేం న్యాయం అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. గురువుగారు ఆ ముసలి నీడని, దాని యజమానురాలిని మార్చి మార్చి చూశారు.

"నీడకి వయసుతో పని లేదని మా గురువుగారు అనేవారు. లేచిన నీడ బడిది. ఇందులో మార్పు లేదు. కాకపోతే ఇప్పుడు పోరు మొదలు కావాలంటే రెంటిలో ఒకటి జరగాలమ్మా. మీరు చెప్పులు విప్పి చాపెక్కి, ఇవాళే బడిలో చేరాలి. అప్పుడు అటువైపు కూడా ఒక జోడీని ఇస్తాను. లేదా దీన్ని పడుకోబెట్టాలి. రెండూ కాకపోతే మీ అమ్మాయి పోరు రద్దవుతుంది. కట్టు విప్పక తప్పదు."

"పడుకోబెట్టడం ఎలాగండీ?"

"లేపిన మాటని అన్నవాళ్లే వెనక్కి తీసుకోవాలి."

హాలంతా అమ్మమ్మ వైపు తిరిగింది. డ్రైవరు ఆమె చెవిలో సంగతంతా విడమరిచి చెప్పాడు. అమ్మమ్మ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని శ్రద్ధగా విన్నది. కళ్లజోడు పెట్టుకుంది. నిలబడి ఉన్న నీడని ఒకసారి, నిలబడి ఉన్న కూతురిని ఒకసారి చూసింది.

"నాకేం వినబడట్లేదు," అంది.

గిలక్కాయ పకాలున నవ్వింది. నవ్వుతూనే చాప మీద రెండడుగులు పక్కకి జరిగి, తన కుడివైపు ఒక మనిషికి సరిపడా చోటు చేసింది. తల్లి ఆ చోటుని చూసింది. రేపు పొద్దున షిఫ్టుందని, ఇంటి నిండా పనులున్నాయని, ఈ వయసులో నడుము వంగదని చెప్పడానికి నోరు తెరిచింది. ఒక చెప్పు మాత్రం అప్పటికే విప్పి ఉంది, ఎప్పుడు విప్పిందో తెలియలేదు. రెండోదాని మీద ఆమె ఇంకా తేల్చుకోకముందే ఆమె నీడ చాపెక్కి, గురువుగారికి వంగి దణ్ణం పెట్టింది.